గోడవైపు తిరిగిన మనిషి

ఆయన పడని చోటు లేదు. మూడంతస్తుల మేడ మీంచి పడ్డాడు. దౌడు తీసే గుర్రం మీంచి పడ్డాడు. కదిలే రైలు మీంచి ఇసుకలోకి పడ్డాడు. అద్దాల కిటికీలు బద్దలు కొట్టుకుంటూ ఎన్నిసార్లు పడ్డాడో ఆయనకే గుర్తు లేదు. ఒంటికి నిప్పంటించుకుని మెట్ల మీంచి దొర్లాడు. ఒకసారి జీపుతో సహా పల్టీ కొట్టి, తలకిందులైన బండి చక్రాలు ఇంకా తిరుగుతుండగానే కిందనుంచి పాక్కుంటూ వచ్చి, "టీ అయిపోయిందా, ఉందా?" అని అడిగాడు. ఇవి గొప్పలకు పోయి చెప్పే మాటలు కావు, చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా హీరోలకూ విలన్లకూ, ఒక సినిమాలో కథానాయిక తల్లికీ కూడా ఆయన తన ఒళ్ళు అరువిచ్చాడు. చీర కట్టుకుని పాడుబడిన బావిలోకి దూకింది ఆయనే. ఆ సీనుకు కళ్ళు తుడుచుకోని ఆడమనిషి హాల్లో లేదంటారు.

ఇన్ని చేసినా ఆయన పేరు పోస్టరు మీద ఎక్కలేదు. స్టూడియోలో అందరికీ ఆయన డూపు బాబాయి. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరుదాకా అదే పిలుపు. ముక్కు రెండుసార్లు విరిగి ఎడమపక్కకు ఒరిగింది. కుడి కనుబొమ మధ్యలో వెంట్రుక మొలవని గీత ఉంది. మోకాళ్ళు అరిగి, మెట్లెక్కితే కిర్రుమంటాయి. అలాంటి మొహాన్ని ఒక్కసారి చూసినవాడు మర్చిపోడు. కానీ తెర మీద చూసినవాడు ఒక్కడూ లేడు. కనపడకపోవడమే ఆ పనిలో పనితనం.

ఆయనకు పని నేర్పిన పెద్ద మాస్టారు చేతిలో ఎప్పుడూ ఒక బెత్తం ఉండేది. పడ్డప్పుడు కాలు మెలికపడితే ఏమీ అనేవాడు కాదు. మొహం కెమెరాకు చిక్కితే మాత్రం పిక్కమీద ఒక్కటి పడేది. "నిప్పు తగిలితే ముందు మొహం దాచుకోరా. ప్రాణం సంగతి తర్వాత చూసుకుందాం. ప్రాణం నీది, మొహం హీరోది" అనేవాడు. కొన్నాళ్ళకు బెత్తం అవసరం లేకుండా పోయింది. మెడమీద వేడి తగిలితే చాలు, గడ్డం గుండెకు అంటుకునేది, భుజం చెవిదాకా లేచేది, తల తనంతట తనే కెమెరాకు అవతలికి తిరిగేది. వంటింట్లో పోపు చిటపటలాడినా అలాగే తిరిగేవాడు. భార్య నవ్వేది.

ఇంకో గొప్ప కూడా చెప్పాలి, ఎందుకంటే కథంతా దానిమీదే నడిచింది. షాటు చెడితే డైరెక్టరు "వన్ మోర్" అంటాడు. హీరోల వల్ల అన్నారు, గుర్రాల వల్ల అన్నారు, మబ్బుల వల్ల అన్నారు. డూపు బాబాయి వల్ల ఆ మాట ఎవరూ అనలేదు. ఆయన ఒకసారి పడితే పడ్డట్టే. ఆయన కింద పనిచేసి పైకొచ్చి ఇప్పుడు ఫైట్ మాస్టరైనవాడు, కొత్తగా చేరిన కుర్రాళ్ళందరికీ మొదటిరోజు చెప్పే పాఠం ఇదే. "అదిగో ఆ కూర్చున్నాయన్ని చూడండి. ఆయన వల్ల వన్ మోర్ అన్నమాట నేను పుట్టి వినలేదు." ఆయన వినబడనట్టు టీ తాగేవాడు. కానీ ఆ రోజు నడక వేరుగా ఉండేది. మోకాళ్ళు కూడా కిర్రుమనేవి కావు.

భార్య ఆయన సినిమాలన్నీ చూసింది. పెళ్ళయిన కొత్తలో చీకట్లో ఆయన మోచేత్తో పొడిచి "అది నేనే" అని చెప్పేవాడు. తర్వాత తర్వాత ఆవిడే ముందు పొడిచేది. "ఇప్పుడు మీరు. ఇప్పుడు వాడు. మళ్ళీ మీరు." వీపు చూసి, మడమ చూసి, గాల్లో చేతులు విప్పిన తీరు చూసి పోల్చేది. ఆ చూపు ఇంకెవరికీ లేదు. కూతురికి అసలే లేదు.

కూతురు బళ్ళో చదివేటప్పుడు, మా నాన్న వంతెన మీంచి నదిలోకి దూకాడని క్లాసంతటికీ చెప్పుకుంది. పిల్లలంతా ఆ సినిమా చూశారు. వంతెన మీంచి ఎవరో దూకారు, నీళ్ళలోంచి తల పైకెత్తి జుట్టు విదిల్చింది మాత్రం హీరో. ఆ ఏడాదంతా ఆ పిల్లని "కోతలరాణి" అని పిలిచారు. ఇంటికొచ్చి ఏడవలేదు, అలగలేదు. తండ్రి ఎదుట నిలబడి, "నాన్నా, నువ్వు నిజంగానే దూకావా?" అని అడిగింది. ఎన్ని ఎముకలు విరిగినా ఆయనకు అంత నొప్పి కలగలేదు. తర్వాత ఆ పిల్ల ఆయన సినిమా ఒక్కటీ చూడలేదు. ఇప్పుడు కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తోంది. వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేసి, ఎవరికి ఎంత దూరం ఆనుతుందో చెబుతుంది.

ఇలా ఉండగా, కట్ లేని సినిమా ఒకటి తీస్తున్నారన్న కబురు వచ్చింది.

యుద్ధం సినిమా. ఓడిపోయిన ఒక దళం, కూలిపోయిన ఊరి మధ్యనుంచి వెనక్కి తగ్గుతూ నది దాటాలి. కథ అంతే. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మదాకా కెమెరా రెప్ప వెయ్యదు, సిపాయిల వెనకే పరుగెడుతూ ఉంటుంది. ఈ మాట వినగానే డూపులందరికీ గుండెల్లో రాయి పడింది. హీరో మేడ అంచుకు వస్తాడు, కట్. డూపు దూకుతాడు, కట్. హీరో లేచి దుమ్ము దులుపుకుంటాడు. ఆ రెండు కట్‌ల మధ్య సందులోనే డూపు బాబాయి సంసారం చేశాడు, పిల్లని చదివించాడు. ఆ సందే మూసేస్తే ఎక్కడికి పోతాడు? అప్పటికే పని తగ్గింది. సగం దూకుళ్ళు కంప్యూటర్లే దూకుతున్నాయి. ఆయన నెలలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు.

పిలుపు రానే వచ్చింది. ఆయన వెళ్ళింది దూకడానికే అనుకుని. డైరెక్టరు ముప్పై దాటిందో లేదో అన్నట్టున్న అమ్మాయి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగదు. ఆయన వరండాలో కూర్చుని టీ ఊదుకుంటుంటే ఎదురుగా వచ్చి చాలాసేపు చూసింది.

"బాబాయ్ గారూ, మిమ్మల్ని దూకమని అడగను. ఒకచోట కూర్చోవాలి, అంతే" అంది.

"కూర్చోడానికి నేనెందుకమ్మా? కుర్చీ చాలదూ?"

ఆవిడ నవ్వింది. "మీ మొహం మీద యుద్ధం ఇదివరకే అయిపోయింది. నాకు మేకప్పు తప్పింది."

వేషం ఏమిటంటే, దళంలో ఒక ముసలి సిపాయి. నది చేరబోయే ముందు పక్కనున్న గోడ పేలిపోతుంది, ముసలాయన ఎగిరి అవతలి గోడ మొదట్లో పడతాడు. కుర్రాళ్ళు ఆగుతారు. సినిమా మొత్తంలో ఆ ఒక్కచోట కెమెరా హీరోని వదిలి ఈయన దగ్గరకు వచ్చి, మొహం ఎదురుగా నిలబడుతుంది. ఆయన ఆ కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ చూసి, "మీరు పదండి, నేనొస్తా" అంటాడు. రాడని వాళ్ళకీ తెలుసు, ఆయనకీ తెలుసు. కెమెరా వాళ్ళతో వెళ్ళిపోతుంది. అంతకుముందు ఆయన కనిపించినా, ఇనప టోపీ కింద, పదిమంది మధ్య, వెనకనుంచే. మొహం కనపడేది ఆ కాసేపే.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద సభ జరిగింది. భార్య తమ్ముడు దర్జీ. కొట్టు కట్టేసి మెడలో టేపుతోనే వచ్చాడు. బావగారిని ఆటపట్టించడం ఆయనకు భోజనం తర్వాత వక్కపలుకు లాంటిది.

"బావా, నువ్వు సినిమాల్లో ఉన్నావనడానికి ఇన్నాళ్ళూ మా అక్క సాక్ష్యం తప్ప ఇంకో ఆధారం లేదు. ఇప్పుడు నీ మొహం చూసి జనం లేచిపోతే మా పూచీ లేదు."

"నీ కొట్లో నీ మొహం చూసి కూడా బట్టలిస్తున్నారుగా. అలాగే చూస్తార్లే" అన్నాడు ఆయన.

"సరే గానీ, సినిమా అంతా ఒకే షాటంటే నమ్మబుద్ధి కాదు. మధ్యలో ఆకలెయ్యదా వాళ్ళకి?"

"ఒకటి కాదురా. పెద్ద పెద్ద ముక్కలు తీసి అతికిస్తారు. కెమెరా చీకటి గుమ్మంలోకి దూరుతుంది, బయటికొచ్చేది మర్నాడు. ఒకడి వీపు అడ్డొస్తుంది, పక్కకి తప్పుకునేది వారం తర్వాత. చూసేవాడికి తెలీదు."

"ఓహో. లోపలికుట్టు" అన్నాడు దర్జీ. ఆ విషయం మీద ఆయనకు ఇంకేమీ అడగాల్సింది లేకపోయింది.

కూతురు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అంతా వింది. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు అంది, "నిజంగా నీ మొహమేనా నాన్నా? మధ్యలో మార్చెయ్యరుగా?"

"కట్ అనేదే లేని సినిమా. ఎలా మారుస్తారు?"

"అయితే నేనూ వస్తా. సెలవు పెడతా."

అంతే అంది.  దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు. బళ్ళో చదివే రోజుల తర్వాత ఆ పిల్ల ఆయన సినిమాకు వస్తాననడం అదే మొదలు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, తాడు మీద ఆరేసిన తువ్వాలు తీసి, మళ్ళీ అక్కడే వేసి వచ్చాడు.

సాధన వారాల తరబడి జరిగింది. ఖాళీ మైదానంలో సున్నంతో గీతలు గీశారు. ఈ గీత గోడ, ఈ ఇటుకలు గుమ్మం, ఈ డబ్బా బావి. కెమెరామన్ ఒంటికి కెమెరా కట్టుకుని వెనక్కి పరుగెడుతుంటే, ఇంకొకడు ఆయన బెల్టు పట్టుకుని దారి చూపేవాడు. ఒకడు అడుగు తప్పితే వెనకున్న వందమంది పని బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా అలవాటు చేసుకున్నారు. పేలుడు రావలసినచోట ఫైట్ మాస్టరు ఈల వేసేవాడు. ఈల వినగానే డూపు బాబాయి ఎగిరి, దొర్లి, గోడ అనబడే గీతకు ఆనుకుని కూర్చుని, తల ఎత్తి కెమెరావైపు చూసేవాడు. మొదటిరోజు తల ఎత్తడానికి సిగ్గేసింది. బట్టలు లేకుండా నిలబడ్డట్టనిపించింది. రానురాను కుదిరింది. ఇంట్లో అద్దం ముందు కూర్చుని "మీరు పదండి, నేనొస్తా" అని పదిరకాలుగా అంటుంటే, వంటింట్లోంచి భార్య, "ఎక్కడికండీ? ఉప్పు తెండి ముందు" అనేది.

చివరిరోజు సాధనలో ఆయన మొహం చూసి, కుర్ర సిపాయి వేషం వేసిన అబ్బాయి నిజంగానే కళ్ళు ఒత్తుకున్నాడు. డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని వదిలేసింది. అంత బాగా వచ్చింది. ఈ మాట కూడా కోతలు కాదు.

అసలు షాటు రోజు వచ్చింది. సూర్యుడు పైకొచ్చేలోపు, ఆ బూడిదరంగు వెలుతురు ఉన్నంతలో అయిపోవాలి. సున్నం గీతల చోట నిజం గోడలు లేచాయి. పగిలిన పెంకులు, కాలిన దూలాలు, మోకాలిలోతు బురద. గోడ లోపల మందు కూరి పెట్టారు. షాటు చెడితే పనికొస్తుందని అలాంటిదే ఇంకో గోడ కట్టి, పట్టా కప్పి పక్కన ఉంచారు.

మొదలైంది. అందరూ అనుకున్న చోట అనుకున్నట్టు పరుగెత్తారు. హీరో ముళ్ళతీగ కింద పాకాడు, మోచేతులు చీరుకుపోయినా ఆగలేదు. కెమెరామన్ ఒకచోట కాలు జారి మోకాలి మీద పడబోయి, పడకుండా లేచాడు. డూపు బాబాయి గుంపు మధ్యలో తల వంచుకుని పరుగెడుతున్నాడు. మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. అప్పుడే హాల్లో కూతురు పక్కన కూర్చున్నట్టే ఉంది ఆయనకు.

గోడ పేలింది.

ఈల కాదు. భూమి కిందనుంచి తన్నింది. గాలి గోడలా వచ్చి కొట్టింది. ఆయన అనుకున్నట్టే ఎగిరాడు, అనుకున్నట్టే దొర్లాడు, ఎంత లెక్కగా పడాలో అంత లెక్కగా అవతలి గోడ మొదట్లో పడ్డాడు. అప్పుడు మెడమీద వేడి తగిలింది.

గడ్డం గుండెకు అంటుకుంది. భుజం చెవిదాకా లేచింది. తల గోడవైపు తిరిగింది. ఆయన తిప్పలేదు, అదే తిరిగింది. ముప్పై ఏళ్ళ బెత్తం తిప్పింది. కళ్ళ ముందు ఇటుకలు కనిపించాయి. వెనక కుర్రాళ్ళ బూట్ల చప్పుడు, కెమెరామన్ రొప్పు వినబడుతున్నాయి. మాట మాత్రం మర్చిపోలేదు. "మీరు పదండి, నేనొస్తా" అని ఇటుకలతో అన్నాడు. ఏం జరిగిందో తెలిసి తల ఇటు తిప్పేసరికి, బూట్లు దూరమైపోయాయి. ఎదురుగా పొగ తప్ప ఏమీ లేదు.

నది ఒడ్డున "కట్" అన్నారు. అక్కడ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. హీరో ఒక పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. అందరూ కలిసి డేరాలో మానిటర్ చుట్టూ చేరారు. డూపు బాబాయి అందరికంటే వెనక నిలబడ్డాడు. 

తెర మీద అంతా నడిచింది. గోడ పేలింది. కెమెరా వచ్చింది. ఒక ముసలివాడి వీపు కనిపించింది. బురద కోటు, లేచిన భుజం, గోడకు ఆనిన టోపీ. కెమెరా కాసేపు చూసి, దిక్కులేనట్టు ఆగి, కుర్రాళ్ళతో వెళ్ళిపోయింది.

డైరెక్టరు బొమ్మ ఆపించింది. అందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు.

"బాబాయ్ గారూ, ఇటు తిరగాలి కదా మీరు" అంది. కోపం లేదు గొంతులో. "దెబ్బేమైనా తగిలిందా? పొరపాటైతే చెప్పండి, ఫర్వాలేదు. రెండో గోడ ఉంది. రేపు తెల్లారి మళ్ళీ తీద్దాం. కావాలని తిప్పారా?"

ఫైట్ మాస్టరు మధ్యలో అందుకున్నాడు. "అమ్మా, అన్న పొరపాటు చెయ్యడు. ఈయన వల్ల వన్ మోర్ అన్నమాట నేను పుట్టి వినలేదు."

కొత్తగా చేరిన ఫైటర్లు బురద మొహాలతో ఆయన్నే చూస్తున్నారు. హీరో మోచేతికి ఎవరో గుడ్డ చుడుతున్నారు. కెమెరామన్ బెంచీ మీద వెల్లకిలా పడుకుని, మోకాలి మీద మంచుగడ్డ పెట్టుకుని, తల మాత్రం ఎత్తి చూస్తున్నాడు. వీళ్ళంతా మళ్ళీ పరుగెత్తాలి. కానీ ఆయన నోరు నొక్కింది ఆ జాలి కాదు, ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. రేపు తెల్లారి మళ్ళీ తీస్తే మొహం తెరకెక్కుతుంది, కూతురు చూస్తుంది. దానికి చెప్పాల్సింది ఒక్కటే మాట, పొరపాటైందని. ఆ మాట ఆయన జన్మలో అనలేదు. ఎలా అనాలో నోటికి తెలియదు.

"కావాలనే తిప్పానమ్మా" అన్నాడు.

 డేరాలో అందరూ ఇంకా ఏదో చెప్పాలన్నట్టు చూస్తున్నారు. ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు, వచ్చింది.

"పోయేవాడు పిల్లలకి మొహం చూపించడు. చూపిస్తే వాళ్ళు కదల్లేరు."

డైరెక్టరు కళ్ళు నిండాయి. తల ఆడించింది. "ఇది నాకెందుకు తట్టలేదు బాబాయ్ గారూ" అని, "ఓకే" అంది. ముందు హీరో చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. ఆయనకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. పట్టా కప్పిన రెండో గోడను ఆ మధ్యాహ్నమే పగలగొట్టి లారీకి ఎత్తారు. ఆయన భోజనం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఒక్కో ఇటుకా లారీలో పడుతుంటే, ఇప్పటికైనా లేచి చెబితే అన్న ఆలోచన వచ్చింది. పళ్ళెం ఒళ్ళోనే ఉంది.

ఆయన అన్న మాట యూనిట్ అంతా పాకింది. కొత్త ఫైటర్లు టీ తాగుతూ ఒకరికొకరు చెప్పుకునేవారు. "పెద్దాయన ఏమన్నాడో విన్నావా" అని ఆయన ఎదుటే మొదలుపెట్టేవారు. ఆయన నవ్వాల్సి వచ్చేది.

"ఎలా వచ్చిందండీ?" అని ఇంట్లో అడిగితే, "చప్పట్లు కొట్టారు" అన్నాడు. అబద్ధం కాదు. భార్య వీధంతా చెప్పుకుంది. కూతురు విడుదల రోజుకు సెలవు అడిగి పెట్టుకుంది. సినిమా విడుదలయ్యేదాకా ఆయనకు రెండు మూడుసార్లు నిజం నోటిదాకా వచ్చింది. కూతురు టిఫిను డబ్బా సర్దుకుంటున్నప్పుడు ఒకసారి, "అమ్మాయ్" అని పిలిచాడు కూడా. "ఏంటి నాన్నా?" అంటే, "గొడుగు పట్టుకెళ్ళు" అన్నాడు.

మధ్యాహ్నం ఆటకు వెళ్ళారు. దర్జీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బావగారి కాలరు తనే సర్దాడు. కూతురు ఒక పక్క, భార్య ఒక పక్క, మధ్యలో ఆయన. కూతురు కళ్ళజోడు తీసి, చున్నీ అంచుతో తుడిచి పెట్టుకుంది. సినిమా మొదలైన దగ్గర్నుంచి ఆ పిల్ల వెనక్కి ఆనుకోలేదు. ప్రతి సిపాయి మొహాన్నీ వెతుకుతోంది. ఆయన తెర చూడటం మానేసి కూతుర్ని చూస్తున్నాడు.

గోడ పేలింది. వీపు వచ్చింది. "మీరు పదండి, నేనొస్తా" అని వినబడింది. ఆ గొంతు ఆయనది కాదు. గోడవైపు తిరిగి అన్న మాట సరిగ్గా రికార్డు కాలేదని, గొంతు బాగున్న ఎవరో నటుడి చేత తర్వాత చెప్పించారు. ఆయనకా సంగతి ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకు డూపైనవాడికి చివరికి ఒక డూపు దొరికాడు. భార్య చెయ్యి వచ్చి ఆయన మణికట్టు మీద పడింది. పొడవలేదు, పట్టుకుని ఉండిపోయింది. కూతురు మాత్రం తెర మీది మొహాల్లో వెతుకుతూనే ఉంది.

నది దాటారు. లైట్లు వెలిగాయి. జనం లేస్తున్నారు. ఆ పిల్ల కూర్చునే ఉంది.

"నాన్నా, నువ్వు రాలేదేంటి? తీసేశారా?"

దర్జీ గొంతు సవరించుకున్నాడు గానీ, ఆ మనిషి దగ్గర కూడా హాస్యం దొరకలేదు.

"వచ్చారే. గోడ పక్కన" అంది తల్లి.

"అది నాన్నా?" అంది కూతురు. తల్లిని అడిగింది, ఆయన్ని కాదు. బళ్ళో చదివేటప్పటి గొంతు అది.

ఆయన నీళ్ళు నమిలాడు. "అంటే... పోయేవాడు పిల్లలకి మొహం చూపించడమ్మా. అందుకని..." అన్నాడు.

"నాకు చూపిస్తానన్నావుగా నాన్నా" అంది ఆ పిల్ల. కోపంగా అనలేదు. సంచీ భుజాన వేసుకుని, "పదండి, బస్సు రద్దీ అవుతుంది" అని ముందు నడిచింది. దర్జీ మామయ్య ఆ పిల్ల వెనకే వెళ్ళాడు.

వాళ్ళిద్దరూ కాస్త దూరం సాగాక, భార్య ఆయన పక్కనే మెల్లగా నడుస్తూ అంది, "అది మీరు కావాలని తిప్పింది కాదు. పోపు వేస్తే తిరుగుతారే, ఆ తిరుగుడు. నాకు తెలీదా?"

ఆయన కాలరు గుండీ విప్పుకున్నాడు.

"మళ్ళీ తీద్దామని వాళ్ళు అడగలేదా?"

మెట్ల దగ్గర ఆయన ఆగాడు. రెయిలింగు పట్టుకున్నాడు.

"అడిగారు" అన్నాడు.

ఆవిడకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. అంత కాలం కాపురం చేసిన మనిషి, మిగతాది తనే పోల్చుకుంది. కింద కూతురు బస్టాపులో నిలబడి ఇటు చూస్తోంది.

"వాళ్ళు అడిగిన మాట మాత్రం దానికి చెప్పకండి" అంది. "కథలోనే అలా రాసిపెట్టారనుకోనివ్వండి."

ఆయన తలూపాడు. ఒక్కో మెట్టూ దిగుతుంటే మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. బస్సు వచ్చింది. కూతురు ఎక్కి, తండ్రికి కూర్చోడానికి చోటు పట్టి, తను నిలబడి, ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.